కుడివైపు పలకలోని నాలుగు నాబ్‌లు

రికార్డింగ్ గది నడిపిన ముప్పై ఏళ్లలో ఆయనను సొంత పేరుతో పిలిచినవారు దాదాపు లేరు. ఆయన భార్యకు ఒక తమ్ముడు ఉన్నాడు. ఆ తమ్ముడు ఒక రాక్ బృందంలో డ్రమ్స్ వాయించేవాడు. వరస ప్రకారం అతడు ఆయనను బావా అన్నాడు. అతడిని చూసి బృందంలోని మిగిలిన ముగ్గురూ అన్నారు. వారిని చూసి వీధి చివర టీ కొట్టువాడు, గిటారు తీగలు అమ్మే దుకాణదారు, ఆయనకన్న పదిహేనేళ్లు పెద్దవాడైన భవన యజమాని కూడా బావ అనే అన్నారు. ఒకే ఒక్క బావమరిది ఉన్న మనిషి ఇంతమందికి బావ కావడం అరుదే అయినా, ఆయన అభ్యంతరం తెలిపిన దాఖలా లేదు. అభ్యంతరం తెలపడం ఆయన స్వభావంలోనే లేదు. తరువాత జరిగినదానికంతటికీ మూలం కూడా అదే.

యౌవనంలో ఆయన ఒక ప్రకటనల సంస్థలో పనిచేశారు. స్టేషన్లలో, ఆసుపత్రులలో వినిపించే సూచనలను రికార్డు చేయడం ఆ సంస్థ పని. "దయచేసి వరుసలో నిలబడండి" అన్న ఒక్క మాటను ఇరవై ఆరుగురి చేత చెప్పించి, ఏ గొంతు వింటే జనానికి నిజంగా నిలబడాలనిపిస్తుందో దానిని ఎంపిక చేశారు. ఆ సూచన పదకొండేళ్లు వినిపించింది. జనం వరుసలో నిలబడ్డారా లేదా అన్నది వేరే సంగతి. ఏ శబ్దం ఎంత ఉండాలో, ఏది ఎక్కడ ఒదిగి ఉండాలో తెలిసిన చెవి ఆయనది. ఆ చెవినే నమ్ముకుని ఉద్యోగం వదిలి, ఒక దుకాణాల వరుస వెనుక పాత టైర్లు నిలవచేసే గదిని అద్దెకు తీసుకున్నారు. గోడలకు పాత పరుపులు కొట్టించారు. మధ్యలో మందపాటి అద్దం పెట్టించి గదిని రెండుగా చేశారు: అటు వాయించేవారు, ఇటు వినేవారు. వినేవైపు గోడ పొడవునా ఒక్కో శబ్దాన్నీ పెంచి తగ్గించే మిక్సింగ్ బోర్డు, దాని మీద వేళ్లతో తిప్పే నాబ్‌లు అరవైకి పైగా. ఎండలు ముదిరితే టైర్ల వాసన పరుపులలోనుంచి మళ్లీ వచ్చేది.

ఆ గదికి బావమరిది తన బృందాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. పాడేవాడు ఒకడు. గిటారు వాయించేవాడిని వేళ్ల వేగం చూసి అందరూ మెరుపు అనేవారు. బేస్ గిటారు వాయించేవాడు రోజుకు పది మాటలు మించి ఆడడు కాబట్టి అతడు మౌని. ఈ నలుగురికీ ఏ విషయంలోనూ పొత్తు కుదిరేది కాదు. బృందానికి పేరు పెట్టడానికే ఏడు నెలలు పట్టింది. చివరకు పెట్టిన పేరు ఏ ఒక్కరికీ నచ్చకపోవడం వల్లనే ఏకగ్రీవంగా ఆమోదం పొందింది.

మొదటి ఆల్బమ్ పాటలన్నీ రికార్డయి, ఎవరి శబ్దం ఎంత వినపడాలో తూకం వేసే రోజున అసలు చిక్కు బయటపడింది. ఉదయం మెరుపు ఒక్కడే వచ్చి, పాటలో తన గిటారును తానే వెతుక్కోవలసి వస్తోందని వాపోయాడు. ఆయన కాస్త పెంచారు. అతడు అటు వెళ్లగానే గాయకుడు వచ్చి, తాను బావిలోనుంచి పాడుతున్నట్టుందన్నాడు. ఆయన అదీ పెంచారు. బావమరిది వచ్చి, సొంత అక్క మొగుడి దగ్గర కూడా న్యాయం జరగకపోతే ఇంకెక్కడ జరుగుతుందని అడిగాడు. మౌని వచ్చి ఏమీ అనలేదు. బోర్డు పక్కన నిలబడి నిట్టూర్చి వెళ్లిపోయాడు. అది అన్నిటికన్న బలమైన ఫిర్యాదు. సాయంత్రానికి నాలుగు శబ్దాలూ ఆకాశాన్ని అంటాయి. పాట మాత్రం ఎక్కడా వినపడలేదు. మూడు రోజులు ఇదే తంతు సాగి, ఆయన తల ప్రాణం తోకకు వచ్చింది.

నాలుగో రోజున మెరుపు మళ్లీ వచ్చి పక్కన కూర్చున్నాడు. బోర్డుకు కుడివైపున ఒక చిన్న రేకు పలక ఉంది. పూర్వం గదికీ గదికీ మధ్య మాట్లాడుకునే ఏర్పాటు కోసం దానిలో నాలుగు నాబ్‌లు బిగించారు. ఆ ఏర్పాటు ఎప్పుడో తీసేశారు. నాబ్‌లు మాత్రం ఏ తీగకూ అంటకుండా మిగిలిపోయాయి. ఆయన ఏ దురుద్దేశమూ లేకుండా, అలసట వల్ల మాత్రమే, వాటిలో రెండో నాబ్ చూపించి అన్నారు:

"ఇది నీది. నీకు ఎంత కావాలంటే అంత తిప్పుకో. నేను ముట్టుకోను."

మెరుపు నాబ్‌ను రెండు వేళ్లతో పట్టుకుని నెమ్మదిగా తిప్పాడు. కళ్లు మూసుకుని విన్నాడు. ఇంకొంచెం తిప్పాడు. ముఖం విప్పారింది.

"ఇప్పుడు వచ్చింది బావా. మూడు రోజుల్నుంచి మొత్తుకుంటున్నది దీనికే."

వృత్తి జీవితంలో తనకు తెలిసిన విషయాలన్నిటిలోకీ ముఖ్యమైనది ఆయనకు ఆ క్షణాన తెలిసింది. మిగిలిన మూడు నాబ్‌లనూ ఆ మధ్యాహ్నమే మిగిలిన ముగ్గురికీ పంచారు. ఇంటికి వెళ్లి, గుండ్రని అక్షరాలు రాసే భార్య చేత గొంతు, గిటారు, బేస్, డ్రమ్స్ అని నాలుగు చీటీలు రాయించారు. ఆమె చీటీలు రాసి, జిగురు పూసి, సంగతంతా విని, కలం మూత పెడుతూ అన్నది:

"అయితే పెళ్లయిన కొత్తలో నాకూ ఇలాంటిదేదో ఇచ్చే ఉంటారు. నాది ఎక్కడుందో కాస్త చూపిస్తారా?"

జిగురు ఆరిపోతుందని ఆయన చీటీలు పట్టుకుని గదికి బయలుదేరి, నాలుగు నాబ్‌ల మీదా అతికించారు.

అది మొదలు పద్దెనిమిదేళ్లలో ఏడు ఆల్బమ్‌లు ఆ గదిలోనే తయారయ్యాయి. పద్ధతి స్థిరపడింది. తూకం వేసే పని ఆయన ఒక్కరే వారం రోజులు కూర్చుని పూర్తి చేసేవారు. ఎనిమిదో రోజు మధ్యాహ్నం నలుగురూ వచ్చి, వరుసగా తమ తమ నాబ్‌లు తిప్పి, తృప్తిపడి వెళ్లేవారు. క్రమంగా దీని చుట్టూ ఒక శాస్త్రమే పుట్టింది. గాయకుడు ఎడమచేత్తో తప్ప తిప్పేవాడు కాదు. కుడిచేత్తో తిప్పితే గొంతు బరువెక్కుతుందని అతడి నమ్మకం. బావమరిది తిప్పే ముందు వేళ్లు చొక్కాకు తుడుచుకునేవాడు. మెరుపు ఎప్పుడూ చివరికంటా తిప్పి, వెంట్రుకవాసి వెనక్కి తెచ్చేవాడు. ఆ వెంట్రుకవాసిలోనే తన కళంతా ఉందని అనేవాడు. ఒక పత్రిక వారు వచ్చి పలకకు ఫొటో తీసుకున్నారు. మిగతా బృందాలలో ఒకడి పెత్తనం ఉంటుందనీ, తమ దగ్గర ఎవరి శబ్దానికి వారే యజమానులనీ, తమ విజయ రహస్యం అదేననీ మెరుపు ఆ పత్రికకు వివరించాడు. బావ సంగతి అడిగితే, చాలా మంచివాడు, అసలు అడ్డురాడు అని చెప్పాడు.

ఆ వ్యాసాన్ని ఆయన మూడుసార్లు చదివారు. అబద్ధమంటూ ఒక్క ముక్క లేదు. తన ముందున్న అరవై నాబ్‌లనూ తాను తిప్పితే, పనిచేయని నాలుగింటికి ఫొటో పడింది. ఈ నలుగురిలో ఒక్కడికైనా, ఒక్కసారైనా, ఆ తూకం ఎవరి చెవిదో తెలియాలన్న కోరిక ఆయనలో ఉండేది. తెలిసిన రోజున వీరు ఒకరి పక్కన ఒకరు కూర్చోరనీ, తన గదికి రారనీ కూడా ఆయనకు తెలుసు. పిల్లలు లేని ఆ దంపతుల ఇంట్లో ఆదివారాలు ఆరు కుర్చీలు నిండేవి. వాటిలో నాలుగు వీరివే. కాబట్టి కోరికను ఉన్నచోటనే ఉంచారు.

ఎనిమిదో ఆల్బమ్ నాటికి అందరికీ నడివయసు వచ్చింది. ఒక పెద్ద కంపెనీ వారు గాయకుడిని ఒంటరిగా పాడమని పిలిచారు. అతడు అవుననలేదు, కాదనలేదు. ఈ ఆల్బమ్ ఎలా వస్తుందో చూసి చెబుతానన్నాడు. దీనిలో ఏమాత్రం తేడా వచ్చినా బృందం చెదిరిపోతుందనీ, ఆదివారపు కుర్చీలు ఖాళీ అవుతాయనీ బావకు అర్థమైంది. ఎన్నడూ లేనంత శ్రద్ధగా పన్నెండు రోజులు కూర్చుని తూకం వేశారు. తనకు తానే తలూపుకున్నంత బాగా కుదిరింది.

సరిగ్గా అప్పుడే బోర్డులో ఒక హోరు మొదలైంది. పాటకు పాటకు మధ్య తుమ్మెద తిరుగుతున్నట్టు సన్నని రొద. దానిని సరిచేయడానికి వచ్చిన పెద్దమనిషి కరెంటు పనిలో నలభై ఏళ్లు గడిపినవారు. చదువు ప్రకారం ఇంజనీరు కాకపోయినా, పని ప్రకారం ఇంజనీర్లకే తప్పులు దిద్దినవారు కాబట్టి ఇంజనీరుగారు అనే పిలిచేవారు. ఆయన మూడు రోజులు బోర్డు కింద పడుకుని, తీగ తీగకూ గుర్తు కట్టి, హోరు మానిపించి, పదకొండు అంశాల నివేదిక రాసి ఇచ్చారు. బావ మొదటి మూడు అంశాలు చదివి, హోరు పోయిందన్న సంతోషంలో, చివర సంతకం చేశారు.

ఆల్బమ్ పూర్తయ్యే మధ్యాహ్నం నలుగురూ వచ్చారు. పాట మొదలైంది. మెరుపు ఎప్పటిలాగే తన నాబ్‌ను చివరికంటా తిప్పాడు.

గిటారు గదిలో విరుచుకుపడింది. గోడలకున్న పరుపులలోనుంచి దుమ్ము రాలింది. మెరుపు వెంట్రుకవాసి వెనక్కి తెచ్చినా ఏమీ తగ్గలేదు. తన గొంతు మునిగిపోవడం విని గాయకుడు ఎడమచేత్తో తన నాబ్ తిప్పాడు. గొంతు గిటారును మింగింది. బావమరిది చేతులు తుడుచుకోవడం మరిచి తనది తిప్పాడు. మౌని అందరికన్న ఆఖరున, అందరికన్న ఎక్కువ తిప్పాడు. బల్ల మీది టీ గ్లాసులు వాటంతట అవే నడిచాయి.

బావ పాట ఆపారు.

"పద్దెనిమిదేళ్లు లేని కక్కుర్తి ఇవాళ ఎందుకొచ్చిందిరా నీకు?" అన్నాడు గాయకుడు మెరుపుతో.

"నేనెప్పుడూ తిప్పేంతే తిప్పాను. నువ్వే కంపెనీవాళ్లు పిలిచిన దగ్గర్నుంచి నేల మీద నడవటం లేదు."

"నేను వెళ్తానని నీకెవరు చెప్పారు?"

"వెళ్లనని ఎవరికైనా చెప్పావా?"

బావమరిది ఇద్దరినీ సర్దబోయి, మాట మధ్యలో తానూ ఒక పక్షం చేరాడు. మొదటి ఆల్బమ్ నాటి పాత లెక్కలన్నీ ఆ మధ్యాహ్నం బయటికి వచ్చాయి: ఎవరు ఎవరి పాటను పొడుగు అన్నారో, ఎవరి పెళ్లికి ఎవరు ఆలస్యంగా వచ్చారో. నాలుగున్నరకు గాయకుడు, మెరుపు చెరో తలుపునుంచి వెళ్లిపోయారు. గదికి ఉన్నదే రెండు తలుపులు కాబట్టి మిగిలిన ఇద్దరూ కొంతసేపు నిలబడవలసి వచ్చింది.

అందరూ పోయాక బావ నివేదిక తీసి చదివారు. తొమ్మిదో అంశం ఇలా ఉంది: "కుడివైపు పలకలో గల నాలుగు నాబ్‌లకు తీగల సంబంధం లేకపోవుట గమనించడమైనది. ఇది మునుపటి పనివారి అశ్రద్ధగా భావించి, నాబ్‌లపై అతికించిన చీటీల ప్రకారము వరుసగా గొంతు, గిటారు, బేస్, డ్రమ్స్ విభాగములకు కలిపి, పనిచేయు స్థితికి తేవడమైనది. ఇందుకు అదనపు రుసుము లేదు."

ఆ వారం ఆదివారం ఇంట్లో రెండు కుర్చీలే నిండాయి. తన తమ్ముడు కూడా రాకపోవడంతో ఆయన భార్య ఒక్క మాటలో తేల్చేసింది.

"నిజం చెప్పెయ్యండి."

"చెబితే ఇక రారు."

"ఇప్పుడు వస్తున్నారా ఏమిటి?"

ఆయన లేచి బావమరిదికి కబురు పెట్టారు. బావమరిది కాళ్లావేళ్లా పడి మిగిలిన ముగ్గురినీ మర్నాటి మధ్యాహ్నానికి గదికి తీసుకువచ్చాడు. నలుగురూ నాలుగు మూలల కూర్చున్నారు. బావ నిలబడే మాట్లాడారు. మొదటి ఆల్బమ్ నాలుగో రోజు దగ్గరనుంచి మొదలుపెట్టి, ఏదీ దాచకుండా, ఎవరినీ తప్పుపట్టకుండా చెప్పారు. నాబ్‌లు ఏనాడూ పనిచేయలేదనీ, తూకమంతా తానే వేశాననీ, మొన్న జరిగినదానికి ఎవరి కక్కుర్తీ కారణం కాదనీ, నాబ్‌లు మొట్టమొదటిసారి నిజంగా పనిచేయడమే కారణమనీ వివరించారు. భయంతో పాటు, ఇన్నేళ్లకు ఆ ముక్క నోటివెంట వచ్చిందన్న సుఖం కూడా ఆ చెప్పడంలో కొంత ఉంది.

తరువాత మెరుపు లేచి వచ్చాడు. అతడి కళ్లు చెమ్మగిల్లాయి.

"బావా, మా గొడవ ఆపటానికి ఇంత నింద నీ నెత్తిన వేసుకుంటావా?"

"నింద కాదురా. నిజం."

"మూడో ఆల్బమ్ రెండో పాటలో నేను వెంట్రుకవాసి తగ్గిస్తే పాట లేచి కూర్చుంది. నేను చెవులారా విన్నాను. నువ్వు కూడా తలూపావు. అదీ అబద్ధమేనా?"

"తలూపిన మాట నిజమే," అన్నారు బావ.

"చూశారా?" అని మెరుపు మిగిలినవారి వైపు తిరిగాడు.

గాయకుడు తల దించుకుని, మనం చిన్నపిల్లల్లా కొట్టుకుంటే ఈయన తన పేరు చెడగొట్టుకోవడానికి కూడా వెనకాడలేదన్నాడు. బావమరిది, ఈ మనిషికి తన అక్కనిచ్చి ఇంట్లోవారు పొరపాటు చేయలేదన్నాడు. బావకు ఎటూ తోచక ఇంజనీరుగారికి కబురు పెట్టారు. ఆయన నివేదిక నకలుతో సహా వచ్చి, నాబ్‌లకు తీగలు లేని మాట వాస్తవమేనని స్పష్టంగా చెప్పారు. బావ ఊపిరి పీల్చుకున్నారు. అప్పుడు మెరుపు అడిగాడు:

"ఎప్పటినుంచి లేవండీ?"

ఇంజనీరుగారు ఆలోచించారు. చూడనిదానికి సాక్ష్యం చెప్పే మనిషి కాదు.

"అది నేను చెప్పలేను. నేను చూసిన రోజున లేవు. అంతకు ముందు రోజు ఉన్నాయో లేవో నాకు తెలియదు."

"ఎలుకలు," అన్నాడు మౌని.

ఆ ఒక్క మాటతో అందరికీ అన్నీ అర్థమయ్యాయి. ఈ మధ్యనే ఎలుకలు తీగలు కొరికాయి. ఇంజనీరుగారు మంచి మనసుతోనే తప్పుగా కలిపారు. పాత పద్ధతిలో నాబ్‌లు ఎంతో సున్నితంగా పనిచేసేవి, ఇప్పుడు మొరటుగా పనిచేస్తున్నాయి. బావ తమ స్నేహం కోసం అబద్ధమాడారు. గాయకుడు అక్కడే, అందరి ముందూ, కంపెనీవారికి రానని ఫోను చేసి చెప్పాడు. మెరుపు అతడిని కావలించుకున్నాడు. పెళ్లికి ఆలస్యంగా వచ్చిన విషయంలో కూడా క్షమాపణలు జరిగాయి. తాను కోరుకున్నదంతా కళ్లముందే జరుగుతుంటే, బావ గోడ పరుపుకు ఆనుకుని నిలబడి చూశారు. ఆయన గురించి వారు చెప్పుకున్న మంచి అంతా మనస్ఫూర్తిగానే చెప్పుకున్నారు. వినవలసిన ఒక్క ముక్క తప్ప అందులో అన్నీ ఉన్నాయి. ఇక మీదట ఎన్నిసార్లు చెప్పినా ఆ నిజం ఆయన గొప్పతనానికి మరో నిదర్శనమే అవుతుందని ఆయనకు తెలిసిపోయింది.

నాబ్‌లను పూర్వం ఉన్నట్టే చేయించమని నలుగురూ ఒక్క కంఠంతో కోరారు. బృందానికి పేరు పెట్టిన నాటి తరువాత వారు ఏకమైన విషయం ఇదొక్కటే. వారు టీకి వెళ్లాక, తీగలు కత్తిరించమని బావ చెబితే ఇంజనీరుగారు మాత్రం ఒప్పుకోలేదు. పనిచేస్తున్నదానిని పనిచేయకుండా చేయడం తన నలభై ఏళ్ల సర్వీసులో లేదన్నారు. చివరకు రాతపూర్వకమైన ఉత్తర్వు ఉంటే తప్ప తీగ ముట్టనన్నారు. బావ తెల్లకాగితం తీసుకుని రాసి ఇచ్చారు: "మీ నివేదికలోని తొమ్మిదో అంశము ప్రకారము జరిగిన పనిని రద్దు చేసి, నాబ్‌లను యథాపూర్వ స్థితికి తేగలరని కోరడమైనది. ఇందువలన కలుగు ఫలితములకు బాధ్యత పూర్తిగా నాది." ఇంజనీరుగారు దానిని రెండుసార్లు చదివి, మడిచి, జేబులో పెట్టుకుని, బరువైన మనసుతో నాలుగు తీగలు కత్తిరించారు.

నలుగురూ తిరిగి వచ్చి కూర్చున్నారు. పన్నెండు రోజుల తూకం చెక్కుచెదరకుండా వినిపించింది. మెరుపు తిప్పాడు, పాత సున్నితత్వం తిరిగి వచ్చిందన్నాడు. ఆల్బమ్ విడుదలయింది. ముందు వచ్చిన ఏడింటికన్న బాగుందని అందరూ అన్నారు. ఎవరి శబ్దానికి వారు యజమానులైన బృందం ఇలాగే ఉంటుందని ఒక విమర్శకుడు రాశాడు.

తరువాతి నెలలో బృందం ఒక పొట్లం పట్టుకుని గదికి వచ్చింది. లోపల ఒక నాబ్ ఉంది. తమవి నల్లనివి, ఇది ఇత్తడిది, ప్రత్యేకంగా చేయించింది. ఇన్నేళ్లుగా మా నలుగురికీ ఉన్న హక్కు నీకు మాత్రం లేకపోయింది, ఆ లోటు మాకు తట్టనే లేదు బావా, అని గాయకుడు చెప్పాడు. పలకలో ఐదో రంధ్రం చేయడానికి ఇంజనీరుగారిని పిలిచారు. ఆయన నాబ్ బిగించి, వెనుక వేలాడుతున్న తీగ పట్టుకుని, దీనిని దేనికి కలపాలో ఈసారి ముందుగానే చెప్పాలని అడిగారు.

బావ తన ముందున్న బోర్డు వైపు చూశారు. అరవై నాబ్‌లూ, వాటి మీద తన వేళ్లు అరగదీసిన నునుపూ కనిపించాయి.

"మిగతా నాలుగూ ఎక్కడికి వెళ్తున్నాయో అక్కడికే," అన్నారు.

ఇంజనీరుగారు నలుగురూ వెళ్లేదాకా ఆగి కాగితం తెమ్మన్నారు, రాయించుకున్నారు, తీగ కత్తిరించారు. తొమ్మిదో ఆల్బమ్ మొదటి పాట తూకం ముగిసిన మధ్యాహ్నం, నలుగురూ తమ వంతు పూర్తిచేసి, కుర్చీలు వెనక్కి జరిపి, ఆయన కోసం చోటు ఇచ్చారు. ఆయన బిడియపడుతూనే ముందుకు వంగి, ఇత్తడి నాబ్‌ను కుడివైపుకు కొద్దిగా తిప్పారు. విన్నారు. కాస్త ఎక్కువైనట్టు అనిపించి, సగం వెనక్కి తెచ్చారు.